నల్ల వైర్లు నడిమికి

పాత మదర్‌బోర్డు మీద నిమ్మరసం పడితే ఒక వాసన వస్తుంది. దుమ్ము, చిలుము, ఎప్పుడో చల్లారిన టంకం, మూడూ కలిసి పుల్లబడ్డ వాసన. కిందటి నెల, ఎండలు మండుతున్న రోజుల్లో, భద్రావతి క్వార్టర్లలో ఉండే ఒక పెద్దాయన తన పాత కంప్యూటర్‌ను దుప్పటిలో చుట్టి బస్సులో చంద్రాపూర్‌లోని మా దుకాణానికి తెచ్చారు. "పారేద్దమంటే చెయ్యి ఒస్తలేదు బిడ్డా. మెమరీ జెర పెంచి, సౌండు కార్డు ఒకటి పెట్టియ్యి, పాత ఆటలు ఆడుకుంట" అన్నారు. మూత తీసి చూస్తే, కరెంటు లేనప్పుడు కూడా తారీఖునీ టైమునూ గుర్తుంచుకోవడానికి బోర్డు మీద పెట్టే చిన్న బ్యాటరీ కారిపోయి ఉంది. దాని చుట్టూ నీలం, ఆకుపచ్చ కలిసిన పొక్కులు. ఒక నిమ్మకాయ కోసి, నాలుగు చుక్కలు పిండి, పాత టూత్‌బ్రష్షుతో మెల్లగా రుద్దాను. కూలర్ గాలికి ఆ వాసన ముక్కుకు తగిలింది. చేతిలో బ్రష్షు అలాగే ఆగిపోయింది. సులోచనక్క పక్కనే నిలబడి "గట్టిగ రుద్దకు, తీగలు లేస్తయి" అన్నట్టు అనిపించింది.

ఆమె దగ్గర నేను పనికి కుదిరి ఇరవై ఏళ్ళు దాటింది. జట్‌పురా గేటు లోపలి సందులో, పుస్తకాల దుకాణం వెనకాల ఒక గది ఆమె రిపేరు దుకాణం. వాళ్ళ నాన్న మా తాతలాగే మంచిర్యాల వైపు నుంచి బొగ్గుబాయి పనికి చంద్రాపూర్ వచ్చినవాడు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివినప్పుడు ఆ క్లాసులో ఆమె ఒక్కతే ఆడపిల్లట. రేడియోలతో మొదలుపెట్టి టీవీలకు, టీవీల నుంచి కంప్యూటర్లకు వచ్చింది. గిరాకీలంతా ఆమెను మరాఠీలో "తాయి", అంటే అక్క, అని పిలిచేవాళ్ళు. బోర్డు ముట్టుకునే ముందు చేతి గాజులు తీసి గోడకున్న మేకుకు తగిలించేది. తరువాత కంప్యూటర్ పెట్టె ఇనుప ఒంటిని ఒకసారి అరచేత్తో తాకేది. ఒంట్లో పేరుకున్న కరెంటు పోవాలని. అప్పుడుగాని బోర్డు జోలికి వెళ్ళేది కాదు. దుకాణం నిండా ఎంత హడావుడి ఉన్నా ఈ రెండు పనులూ ఆమె తప్పించడం నేను చూడలేదు.

నేను పన్నెండు దాకా మరాఠీలో చదివి, ఏడాదిపాటు కంప్యూటర్ కోర్సు చేసి, సర్టిఫికెట్ పట్టుకుని ఆమె దగ్గరకు వెళ్ళాను. ఆమె ఆ కాగితాన్ని చూడనైనా చూడలేదు.

"ఎప్పుడన్న మూత తీసి చూసినవా?" అని అడిగింది.

"లేదక్కా."

"మరి ఏడాది ఏం నేర్చినవ్?"

"టైపు చేసుడు."

ఆమె నవ్వలేదు. ఒక స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టి, మూలనున్న పాత డబ్బా చూపించి, "విప్పు. మొత్తం విప్పు. ఏది ఎక్కడ్నుంచి తీసినవో కాయితం మీద రాసుకో. మల్ల బిగియ్యి" అన్నది. ఆ ఒక్క డబ్బాతో నాకు వారం పట్టింది. తిరిగి బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి. వాటిని చూపించి, "గివి ఎవరి ఇంటియి?" అని అడిగింది. మళ్ళీ విప్పాను.

నాకు తెలుగు చదవడం వచ్చింది కూడా ఆ గదిలోనే. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్షరాలు నాకు తెలియవు. ఆమెకు వాళ్ళ అమ్మ నేర్పిందట; అందుకని సామాను డబ్బాల మీద చీటీలన్నీ తెలుగులో రాసి అంటించేది. మెమరీ పట్టీలకు మూడు డబ్బాలు ఉండేవి. ఒకదాని మీద "మంచివి", ఒకదాని మీద "చచ్చినవి", మధ్య దాని మీద "అనుమానం". నేను కూడబలుక్కుని చదివిన మొదటి పెద్ద తెలుగు మాట అనుమానమే. ఇప్పుడు నేనీ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చీటీల పుణ్యమే.

ఆ గదిలో మూడో మనిషి వామన్ కాకా. మరాఠీ ఆయన, యాభై దాటినవాడు. సులోచనక్క దుకాణం పెట్టిన నాటి నుంచీ ఆమెతోనే ఉన్నాడు. ఇన్నేళ్ళలో తెలుగు బాగానే పట్టుబడింది కానీ కోపం వచ్చినా, సంతోషం వచ్చినా మరాఠీలోకి వెళ్ళిపోయేవాడు. టంకం పెట్టడంలో ఆయనంతటివాణ్ణి నేను ఇప్పటికీ చూడలేదు. ఆవగింజంత చుక్క, మెరుస్తూ, పక్క పిన్నుకు తగలకుండా కూర్చునేది. ఆ చేతుల మీద ఆయనకు చాలా గర్వం.

పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డుకు కరెంటు ఇచ్చే వైర్లు రెండు గుత్తులుగా వచ్చేవి. రెండూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. ఒకదాని చోట ఒకటి పెట్టినా కొంచెం బలం పెడితే కూర్చుంటాయి. అలా కూర్చుంటే బోర్డు కాలిపోతుంది. రెండు గుత్తుల్లోనూ చివర నల్ల వైర్లు ఉంటాయి; ఆ నల్లవి నాలుగూ మధ్యలో పక్కపక్కన వచ్చేటట్టు పెట్టాలి. "నల్ల వైర్లు నడిమికి" అని సులోచనక్క నాతో రోజూ అనిపించేది. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు నేను అనేదాన్ని.

నేను చేరిన ఏడాదికి, స్టేషన్ దారిలోని చెవి డాక్టరుగారి దవాఖాన నుంచి ఒక కంప్యూటర్ వచ్చింది. నిద్రపోతున్న పసిపిల్లల తలకు తీగలు అంటించి, చెవిలో టకటకమనే చప్పుడు వినిపించి, ఆ చప్పుడు మెదడుకు చేరుతున్నదో లేదో తెర మీద అలలుగా చూపించే యంత్రం అది. అలాంటిది మా ఊళ్ళో మాకు తెలిసి అదొక్కటే. లేకపోతే నాగ్‌పూర్ పోవాలి. దానికి ఒక ప్రత్యేకమైన కార్డు ఉంది. అది పాతకాలపు పొడుగు స్లాటులో తప్ప ఇంకెక్కడా పట్టదు. అందుకే అప్పటికే కాలం చెల్లిన ఆ బోర్డును డాక్టరుగారు మార్చలేకపోయారు. కారిన బ్యాటరీ తీసి వేరేది పెట్టాలి, మెమరీ పెంచాలి, కొంచెం వేగమైన ప్రాసెసర్ వేయాలి. ఇదీ పని.

ఒక బుధవారం పొద్దున వామన్ కాకా బ్యాటరీ ఊడదీసి, నిమ్మరసంతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త బ్యాటరీకి రెండు తీగలు టంకం పెట్టాడు. సులోచనక్క మీట పైకెత్తి పాత ప్రాసెసర్‌ను తీసి కొత్తది కూర్చోబెట్టింది. బోర్డు మీద అచ్చువేసిన పట్టిక చూసుకుంటూ, గోరంత ప్లాస్టిక్ టోపీలను కొత్త వేగానికి తగ్గట్టు ఒక ముల్లు నుంచి ఇంకో ముల్లుకు మార్చింది. మెమరీ పట్టీలు నాకు ఇచ్చారు. ఏటవాలుగా దింపి, నిటారుగా లేపితే రెండు పక్కలా కొక్కేలు టిక్కుమని పడతాయి. నాలుగూ పడ్డాయి. దవాఖాన కార్డు మాత్రం ఇంకా పెట్టలేదు. అది గుడ్డలో చుట్టి పైఅరలో ఉంది. ఇంతలో సులోచనక్కకు ఎవరింటికో పోవలసిన పని పడింది. "నేనొచ్చినంక కరెంటు ఇద్దాం" అని చెప్పి వెళ్ళింది. వామన్ కాకా కరెంటు గుత్తులు రెండూ పెట్టి, సరిచూసుకుని, అన్నం తినడానికి ఇంటికి పోయాడు.

నేను ఒక్కదాన్నే ఉన్నాను. మెమరీ పట్టీల్లో ఒకటి కొంచెం వంగినట్టు అనిపించింది. దాన్ని సరిచేయడానికి కరెంటు గుత్తులు అడ్డం వస్తున్నాయని ఊడదీశాను. పట్టీ సరిచేశాను, గుత్తులు మళ్ళీ పెట్టాను. పెట్టాక ఒక ఆలోచన వచ్చింది. వాళ్ళు వచ్చేసరికి తెర మీద అక్షరాలు కనబడుతూ ఉంటే ఎంత బాగుంటుంది! వాళ్ళిద్దరి మొహాలు ఎలా వెలుగుతాయో ఊహించుకుంటూ స్విచ్చి వేశాను. టప్పుమని చప్పుడు, సన్నని పొగ. ప్లగ్గు పీకి చూస్తే నల్ల వైర్లు రెండు కొసలకూ ఉన్నాయి. రోజూ అప్పజెప్పే పాఠం, ఒక్కసారి కిందికి చూసి ఉంటే చాలు.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. గుత్తులు ఊడదీసి సరిగ్గా పెట్టాను. ఫ్యాను వేశాను. వాసన పోవాలని దేవుడి పటం ముందు ఊదుబత్తి వెలిగించాను. అందరూ వచ్చాక వామన్ కాకా స్విచ్చి వేశాడు. ఏమీ లేదు. సులోచనక్క కళ్ళద్దాలు పెట్టుకుని వంగి, కరెంటు గుత్తుల పక్కన గోధుమరంగు మచ్చ చూసింది.

"భావూ, వైర్లు ఉల్టా పెట్టి ఒక్కసారి వేసి చూసినవా ఏంది?" అని వామన్ కాకాను అడిగింది. మరాఠీలో భావూ అంటే అన్న.

"లేదు తాయి, నువ్వు పోయినంక వెయ్యలేదు. ఇప్పుడే వేసిన. మంచిగనే పెట్టిన..." అని ఆయన బోర్డు వైపు చూశాడు. మచ్చను వేలితో తడిమాడు. "మంచిగనే పెట్టిన అనుకుంటున్న. పొద్దున బ్యాటరీ తీగలు పెట్టినంక ఒక్కసారి కరెంటు ఇచ్చి చూసిన. అప్పుడే అయ్యిందేమో. నీలం వైరు, నల్ల వైరు ఈ మధ్య నాకు ఒక్కలెక్కనే కనబడ్తున్నయ్."

నేను పక్కనే ఉన్నాను. దేవుడి పటం కింద రాలిన ఊదుబత్తి బూడిద తుడిచాను.

గురువారం ఆయన కళ్ళ దవాఖానకు పోయాడు. కళ్ళలో మందు చుక్కలు వేశారని మధ్యాహ్నం వచ్చి బెంచీ దగ్గర కాకుండా గడప దగ్గర కూర్చున్నాడు. రిపోర్టు శనివారం ఇస్తామన్నారట. "తాయి, ఇగ బోర్డులు నువ్వే చూస్కో. నేను కీబోర్డులు తుడుస్త, డబ్బాలు మోస్త" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. కానీ ఆ పూట సోల్డరింగ్ ఐరన్‌ను ఆయన శుభ్రంగా తుడిచి, తీగ చుట్టి, పైన పెట్టేశాడు. నేను తలవంచుకుని స్క్రూలు ఏరుతూ ఉన్నాను. అవి ఏరవలసిన పనేమీ లేదు.

అదే సాయంత్రం దవాఖాన నుంచి ఫోను వచ్చింది. గోండ్‌పిప్రి నుంచి ఒకామె మూడేళ్ళ పిల్లను తీసుకుని సోమవారం వస్తుందనీ, యంత్రం లేక ఇదివరకే ఒకసారి వాపసు పోయిందనీ, ఈసారి కూడా పంపించలేమనీ చెప్పారు. పిల్ల పిలిస్తే పలకదు, మాటలు రాలేదట. సులోచనక్క ఫోను పెట్టేసి, తెలిసినవాళ్ళందరికీ వరసగా చేయడం మొదలుపెట్టింది. అలాంటి పాత బోర్డు ఎక్కడైనా ఉందా అని. చివరికి విసాపూర్‌లో ఒకరింట్లో ఉన్నట్టు తెలిసింది.

శుక్రవారం పొద్దున ఇద్దరం బస్సెక్కాం. ఆ ఇంట్లో అంతకుముందు అద్దెకున్న ఇంజనీరు బదిలీ మీద పోతూ కంప్యూటర్‌ను వదిలేసి పోయాడట. ఇంటావిడ దాని మీద మామిడికాయ తొక్కు జాడీ పెట్టుకుంది. సులోచనక్క జాడీ దింపి, మూత తీసి, వేలితో పొడుగు స్లాట్లు లెక్కపెట్టింది. బ్యాటరీ కారలేదు. ఇంటావిడ, "తీస్కపోండమ్మా, జాగ ఖాళీ అయితది" అన్నది. బోర్డును అక్కడే విప్పి తువ్వాలలో చుట్టుకున్నాం.

తిరుగు బస్సులో బోర్డు నా ఒళ్ళో ఉంది. సులోచనక్క కిటికీ పక్కన కూర్చుని, రెండు రోజుల తరువాత మొదటిసారి తేలిగ్గా ఊపిరి తీసుకుని, "గండం గడిచింది లతా" అన్నది. ఆ మాటతో నాకు ఏడుపు వచ్చేసింది.

"అక్కా, బోర్డు వామన్ కాకా కాల్చలేదు. నేను కాల్చిన. మీరు లేనప్పుడు గుత్తులు తీసి ఉల్టా పెట్టిన."

ఆమె నా వైపు తిరిగి చూసింది. బస్సు ఒక స్టాపులో ఆగి, మనుషులను దింపి, మళ్ళీ కదిలింది.

"ఎందుకు చెప్పలే?" అని అప్పుడు అడిగింది.

"భయమైంది."

"బోర్డు పోతే నాకు కోపమొస్తది. ఒర్రుత. పొద్దుగూకేసరికి మర్చిపోత. గది నా సంగతి. గాయన రెండు దినాల సంది తన కండ్లు పోయినయనుకొని తిరుగుతుండు గదా, గదెట్ల?"

"నువ్వే జెర చెప్పరాదక్కా."

"నేను చెప్ప. గిది నాకు చెప్పే మాట కాదు. తన కండ్లు మంచిగున్నయో లేవో గాయనకు తెల్వాలె. బస్సు దిగంగనే పో."

దిగి నడిచిన ఆ దారి ఎప్పుడూ అంత పొట్టిగా అనిపించలేదు. వామన్ కాకా గడప దగ్గర కూర్చుని గుడ్డతో కీబోర్డు తుడుస్తున్నాడు. నేను ఎదురుగా నిలబడి ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకున్నాడు. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. ఆయన లేచి లోపలికి వెళ్ళి, ఒక డబ్బాలోంచి బియ్యపుగింజకన్నా కొంచెం పెద్ద రెసిస్టర్ ఒకటి తీసి, వాకిట్లో వెలుతురుకు పట్టుకుని, దాని ఒంటి మీది రంగు గీతలు బిగ్గరగా చదివాడు. "గోధుమ... నలుపు... నారింజ." ఇంకోటి తీశాడు. "పసుపు, ఊదా, ఎరుపు." ఇంకోటి. దాంట్లో నీలం గీత, పక్కనే నలుపు గీత ఉన్నాయి. రెండూ చదివి, మీటరు పెట్టి సరిచూశాడు. సరిపోయింది.

"దిసతయ్, తాయి! దిసతయ్!" అని లోపలికి కేక వేశాడు. కనబడుతున్నది, కనబడుతున్నది అని. ఆయన కళ్ళలో నీళ్ళు. మందు చుక్కల వల్ల కాదు, అవి ముందురోజే వేసినవి. తరువాత నా వైపు తిరిగి, "పోరీ, రెండు దినాలు నేను నిద్రపోలేదు" అన్నాడు. అంతే. ఆ సాయంత్రమూ, మర్నాడు పొద్దునా నాతో మాట్లాడలేదు. శనివారం కళ్ళ రిపోర్టు తెచ్చుకున్నాడు. దగ్గరి చూపుకు చిన్న అద్దాలు చాలన్నారు. వస్తూ వస్తూ అటుకుల పోహా పొట్లం కట్టించుకొచ్చి, సగం నా ముందు పెట్టాడు.

విసాపూర్ బోర్డును నా చేతనే బిగింపజేసింది సులోచనక్క. ప్రాసెసర్, మీట, టోపీలు, మెమరీ, చివరికి గుత్తులు. "చూడు" అన్నది. చూశాను. "మల్ల చూడు" అన్నది. మళ్ళీ చూశాను. స్విచ్చి తాను వెయ్యకుండా ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. వామన్ కాకా కూడా లేచి వచ్చాడు. స్విచ్చి వేశాను. ఒక బీప్. తెర మీద మెమరీ అంకెలు గబగబా పెరుగుతూ పోయాయి. ఆగాక వామన్ కాకా పైనున్న సోల్డరింగ్ ఐరన్ దింపి, తీగ విప్పి, బెంచీ మీద తన చోట పెట్టుకున్నాడు.

సోమవారం దవాఖానకు సులోచనక్క నన్ను కూడా తీసుకుపోయింది. పిల్ల తల్లి ఒళ్ళో నిద్రపోతున్నది, తలకు తీగలు. టెక్నీషియన్ మేడం ఒక మీట తిప్పింది. తెర మీద చాలాసేపు పిచ్చిగీతలు వచ్చాయి. తప్పు మళ్ళీ నాదేనేమో అనుకున్నాను. నెమ్మదిగా ఆ గీతల్లోంచి ఒక అల లేచింది, దాని వెనక ఇంకొకటి. మేడం వేలితో చూపించి తల ఊపింది. డాక్టరుగారు చూసి, ఎడమ చెవి కొంత వింటున్నదనీ, కుడి చెవి బాగా బలహీనమనీ, వినికిడి మిషను పెట్టి నేర్పిస్తే పిల్లకు మాటలు వస్తాయనీ చెప్పారు. తల్లి నమ్మలేనట్టు సులోచనక్క వైపు చూసి, తెలుగులో అడిగింది.

"వినబడ్తదా అక్కా? నేను పిలిస్తె వినబడ్తదా?"

"ఎడమ దిక్కుకెల్లి పిలువు. వినబడ్తది" అన్నది సులోచనక్క.

ఆ తరువాత పద్నాలుగేళ్ళు ఆమె దగ్గర చేశాను. ఎంతమంది గిరాకీలతో ఎన్ని కబుర్లు చెప్పిందో, నేను బోర్డు కాల్చిన సంగతి మాత్రం ఎవరికీ, నవ్వులాటకైనా చెప్పలేదు. మోకాళ్ళు సహకరించక దుకాణం నాకు అప్పగించి మంచిర్యాలకు చెల్లెలి దగ్గరకు పోయింది. ఆమె కన్నుమూసి నాలుగేళ్ళయింది. వామన్ కాకా ఆమెకన్నా ముందే పోయాడు. చివరిదాకా టంకం పెడుతూనే ఉన్నాడు.

నా చేతిలో వస్తువులు పాడవడం ఇప్పటికీ తప్పలేదు. పనిచేసే చేతికి అది తప్పదు కూడా. కానీ ఏదైనా పోయినప్పుడు నేను ముందు ఆ వస్తువు వైపు చూడను, చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూస్తాను. వాళ్ళలో ఎవరు ఆ తప్పును తమ మీద వేసుకుంటున్నారో అని.

మొన్న చలికాలంలో మా అత్తమ్మ ఉన్నట్టుండి ఫోను ముట్టుకోవడం మానేసింది. ఆసిఫాబాద్‌లో ఉండే వాళ్ళక్క రోజూ గొంతు రికార్డు చేసి పంపే మాటలను మళ్ళీ మళ్ళీ వినడం ఆమెకు అలవాటు. అవన్నీ మాయమయ్యాయట. "నాకు చదువు రాదు బిడ్డా. ఏదో ఒత్తిన. నా చేతికి గిసొంటియి ఇయ్యొద్దు" అని ఫోనును అల్మరాలో పెట్టేసింది. అంతకు వారం రోజుల ముందు ఫోనులో చోటు లేదని అనవసరమైనవి తుడిచేసింది నేనే. వాటితో పాటు అవీ పోయి ఉంటాయి. వాళ్ళక్కకు చెప్పి మళ్ళీ పంపించమంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, వెళ్ళి ఆమె మంచం మీద కూర్చున్నాను.

"అత్తమ్మా, గవి తుడిచేసింది నేను. చూస్కోలేదు. నువ్వేం తప్పు ఒత్తలేదు."

ఆమె అల్మరా వైపు చూసింది. "నేను కాదా?"

"కాదు."

"మరి ముందుగాల చెప్పొద్దా! వారం దినాల సంది నాకు అన్నం సయిస్తలేదు" అని గట్టిగా కోప్పడింది. కోప్పడుతూనే లేచి, అల్మరా తెరిచి, ఫోను తీసి, తన వేలితో తానే వాళ్ళక్కకు కలిపింది.